తుపాకి లైసెన్సు కావాలన్న మేనల్లుడికి

సికింద్రాబాద్

అల్లుడా,

రాత్రి ఫోన్ చేసి "మామా, నీకు రివాల్వర్ లైసెన్సు ఉంది గదా, నాక్కూడ ఒకటి ఇప్పియ్యరాదా" అంటివి. ఇప్పియ్యడానికి నేనెవర్నిరా? ఫోన్ల చెప్తే సగం వింటవు, సగం మర్చిపోతవు. అందుకే కూసోని రాస్తున్న.

ముందుగాల ఒకటి బుర్రకెక్కించుకో. మన దేశంల తుపాకి హక్కు కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016ల వచ్చిన రూల్సు, వీటి ప్రకారం సర్కారు ఇస్తే ఉంటది, లేకుంటే లేదు. 21 ఏండ్లు నిండాలె, నేరం చేసి శిక్ష పడినోడు అయి ఉండొద్దు, మతి స్థిమితంగ ఉండాలె. ఇవన్నీ నీకున్నయి (మతి సంగతి మీ అత్తమ్మ ఒప్పుకుంటలేదు, అది వేరే). కాని ఇవి ఉన్నంత మాత్రాన రాదు. దరఖాస్తుల "ఎందుకు కావాలె" అని ఒక గడి ఉంటది చూడు, అసలు పరీక్ష అదొక్కటే. మిగతావన్నీ జిరాక్సులు.

"పెట్రోల్ బంకు కలెక్షన్ రాత్రి పూట తెస్తుంట, భయమైతది" అన్నవు. ఉత్త భయమంటే ఎవ్వరూ ఇయ్యరు. ఎంత నగదు, ఏ తొవ్వల, వారానికి ఎన్నిసార్లు, ఇంతకుముందు ఏమన్న జరిగిందా, జరిగితే ఫిర్యాదు ఇచ్చినవా, ఇట్ల అడుగుతరు. మొన్న ఎవడో ఫోన్ల బెదిరించిండని చెప్పినవు. ఠాణాల రాసిచ్చినవా? ఇయ్యలేదు. కాయితం మీదికి రానిది వాళ్ల లెక్కల జరగనట్టే. తుపాకి సంగతి పక్కన పెట్టు, రేపు పొద్దున్నే పోయి ఆ ఫిర్యాదు ఇచ్చి రా.

నేను మొదటిసారి "ఆత్మరక్షణ కోసం" అని రెండు ముక్కలు రాసి పెట్టిన. తిరగ్గొట్టిండ్రు. మస్తు కోపమొచ్చింది, నెలరోజులు అందరికీ చెప్పుకొని తిట్టిన. రెండోసారి జనరల్ బజార్ల దుకాణం లెక్కలు, ఇన్‌కంటాక్స్ రిటర్నులు, సరుకు తెచ్చే రోజులు, ఒకసారి నా స్కూటర్ వెంబడి పడ్డప్పటి ఫిర్యాదు నకలు, అన్నీ పెట్టి రాసిన. అప్పుడు వచ్చింది. తిరగ్గొడితే కారణం రాసియ్యాలె, దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. నేను అప్పీలుకు పోలేదు, ఎందుకంటే కారణం చదివితే తప్పు నాదే అనిపించింది.

పని ఎట్ల నడుస్తదంటే, జిల్లాలల్ల కలెక్టరు చూసేది ఇక్కడ పోలీసు కమిషనర్ చూస్తడు. నువ్వుండే ఇల్లు ఏ కమిషనరేట్ కిందికొస్తదో ముందు చూసుకో. దరఖాస్తు ఫారం ఏ-1, ఇప్పుడు కేంద్ర హోంశాఖ పోర్టల్ల ఆన్‌లైన్‌ల నింపుడే. ఫొటోలు, ఆధార్, పుట్టిన తేదీ రుజువు, డాక్టరు సర్టిఫికెట్. దాంతోపాటు ఆయుధం ఎట్ల పట్టుకోవాలె, ఎట్ల దాచాలె అని శిక్షణ తీసుకున్నట్టు ఎస్-1 అనే సర్టిఫికెట్ కూడ. తర్వాత మీ ఠాణా నుంచి మనిషి వస్తడు. పక్కింటోళ్లని అడుగుతడు, నీ మీద కేసులేమన్న ఉన్నయా చూస్తడు. పార్కింగ్ కోసం పై అంతస్తాయనతో కొట్లాడినవు గదా, ఆ సంగతి కూడ బయటికొస్తది. పోయి మంచిగ మాట్లాడుకో. ఠాణా రిపోర్టుకు 30 రోజులు, ఆ రిపోర్టు వచ్చినంక నిర్ణయానికి 60 రోజులు అని రూల్సుల ఉంది. క్యాలెండర్ మీద గీతలు కొట్టుకుంట కూసోకు, ఆలస్యం అయితది.

ఈ నడుమల ఎవడో ఒకడు తగులుతడు. "అన్నా, వేరే రాష్ట్రంల నాకు మనిషున్నడు, పైసలు పడేస్తే ఆల్ ఇండియా లైసెన్సు ఇంటికే వస్తది" అంటడు. వాని నంబర్ బ్లాక్ చెయ్యి. జమ్మూకశ్మీర్‌ల 2012 నుంచి 2016 దాకా ఇచ్చిన లైసెన్సుల మీద సీబీఐ కేసు పెట్టింది, పెద్ద పెద్ద అధికారుల ఇండ్లల్ల సోదాలు చేసిండ్రు. ఉండని ఊరి అడ్రసుతో తీసుకున్న లైసెన్సు నిన్ను కాపాడదు, పట్టిస్తది.

వచ్చిందే అనుకో. ఏది పడితే అది కొనలేవు. 9 ఎంఎం, .303 లాంటివి నిషేధిత బోరు (బోరంటే గొట్టం లోపలి సైజు), మనలాంటోళ్లకు కాదు. మనకు .32 రివాల్వరో పిస్తోలో, లేకుంటే 12 బోరు షాట్‌గన్. నాది కాన్పూర్ ఫ్యాక్టరీది, .32. కొన్నంక దాని నంబరు లైసెన్సుల ఎక్కియ్యాలె, తూటాలు ఎన్ని ఉంచుకోవచ్చో అందులనే రాసుంటది. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేండ్ల నుంచి ఐదేండ్లయింది, మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చన్నది రెండుకు తగ్గింది. శామీర్‌పేట దోస్తు ఒకాయన తాత నాటి తుపాకి ఇచ్చేసినప్పుడు పిల్ల అత్తారింటికి పోయినట్టు ఏడ్చిండు.

ఇగ అసలు సంగతి. నువ్వు అడగనిది.

తుపాకి తెచ్చిన కొత్తల నేను దాన్ని తువ్వాలల చుట్టి బీరువాల పెట్టిన. తాళం మీ అత్తమ్మ కొంగుకు. ఒకరోజు ఇంటికి చుట్టాలొచ్చిండ్రు, బీరువా తెరిచే ఉంది, నాలుగేండ్ల మనవడు హాల్ల నడుచుకుంట వచ్చి దాన్ని నా ఒడిల పెట్టి "తాతా, ఇది బరువున్నది" అన్నడు. తూటాలు లేవు. అయినా నా చెయ్యి వణుకుడు సాయంత్రం దాకా ఆగలేదు. మర్నాడే గోడకు బోల్టులు కొట్టించి ఇనుప పెట్టె పెట్టిచ్చిన. తూటాలు వేరే గదిల, వేరే తాళం, రెండు తాళంచెవులూ నా దగ్గర్నే. ఊరికి పోతే డీలర్ దగ్గరనో ఠాణాలనో అప్పజెప్పి రసీదు తీసుకుంట. తిరుపతికి పోవాలన్నా ముందు ఆ పని చూసుకోవాలె.

ఎలక్షన్లు వస్తే తుపాకి మళ్ల డిపాజిట్. 2023 నవంబర్ల అసెంబ్లీకి ఇచ్చిన, తెచ్చుకున్న, 2024 మే ల లోక్‌సభకు మళ్ల ఇచ్చిన. లైసెన్సు మీద షరతులు చదువు: జాతరకు, మతపరమైన ఊరేగింపుకు, బడి ఆవరణకు పట్టుకపోవద్దు. అంటే బోనాలకు లేదు, నిమజ్జనానికి లేదు, పిల్లను బడిల దింపేటప్పుడు లేదు. పెండ్లి బరాత్‌ల "ఒక్కటి గాల్లకు కొట్టన్నా" అని ఒకరన్న దొరుకుతరు. నాకూ దొరికిండు. నేను బువ్వ తినకుంటనే ఇంటికొచ్చిన. సంబరానికి పేల్చి ఎదుటోళ్ల ప్రాణం మీదికి తెస్తే రెండేండ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

బండి మీద పోతుంటే వెనకనుంచి బ్యాగు గుంజుకపోవుడు రెప్పపాటు పని. అంగీ ఎత్తి రివాల్వర్ తీసే టైము నాకైతే ఎన్నడూ దొరకదనిపిస్తది. ఇన్నేండ్లల్ల ఒక్కసారి కూడ తియ్యలేదు. కలెక్షన్ కోసమే అయితే బంకు కాడికే వచ్చి నగదు తీసుకపోయే బండ్లున్నయి, ఎంత అడుగుతరో ముందు కనుక్కో.

అయినా మనసు పీకుతుంటే ఒక పని చేద్దాం. .177 ఎయిర్ రైఫిల్‌కు, దాని శక్తి 20 జూల్స్ దాటకుంటే, లైసెన్సు అక్కరలేదు. గచ్చిబౌలిల సెంట్రల్ యూనివర్సిటీ దిక్కు స్పోర్ట్స్ అథారిటీ షూటింగ్ రేంజి ఉంది. మన ఊర్ల పెరిగిన గగన్ నారంగ్ 2012ల లండన్ ఒలింపిక్స్‌ల కంచు తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు ఉంటది. ఆరు నెలలు దాని మీద కొట్టు. నీ చెయ్యి ఎంత వణుకుతదో, కోపమొచ్చిన రోజు ఎంత వణుకుతదో నీకే తెలుస్తది. ఆ తర్వాత కూడ కావాలంటే ఫారం నింపేటప్పుడు నేను పక్కన కూసుంట.

ఆదివారం పొద్దున ఏడింటికి రా, కలిసి పోదాం. ఆధార్ తెచ్చుకో. ఫిర్యాదు రసీదు కూడ చూపియ్యాలె నాకు. ఇంకొకటి, మీ అమ్మకు ఈ ముచ్చట చెప్పినవా? నువ్వే చెప్పు, నా నోటితోని చెప్పియ్యకు.

మీ మామ