పాత కంప్యూటర్ గేమ్స్‌లో ఇప్పటికీ ఆడదగ్గది ఏదైనా ఉందా, లేక అదంతా చిన్ననాటి మోజేనా?

ఉంది. దాని పేరు ఎగ్జైల్. 1988లో బ్రిటన్‌లో బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం వచ్చింది. దీని విషయంలో మోజు అనడానికి వీల్లేదు, ఎందుకంటే నేను దీన్ని చిన్నప్పుడు ఆడనే లేదు. ఉద్యోగం కోసం ఇంగ్లండ్ వెళ్ళాక, ఒక సహోద్యోగి ఇంట్లో మొదటిసారి చూశాను. అప్పటికే ఎన్నో కొత్త గేమ్స్ ఆడేసి ఉన్నాను. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బీబీసీ మైక్రో అనగానే అందరూ 1984 నాటి ఎలీట్ అనే గేమ్ గురించే మాట్లాడతారు. ఎలీట్ గొప్పదే, కాదనను. కానీ ఎగ్జైల్‌కి దక్కాల్సిన పేరులో పదో వంతు కూడా దక్కలేదన్నది నా గట్టి అభిప్రాయం.

కథ చిన్నది. మీరు మైక్ ఫిన్ అనే వ్యోమగామి. ఫీబస్ అనే గ్రహం మీద ఉన్నవాళ్ళకి సహాయం చేయడానికి వచ్చారు. మొదట్లోనే ట్రయాక్స్ అనే దుర్మార్గుడు మీ ఓడలో ప్రత్యక్షమై, ఒక కీలకమైన పరికరాన్ని ఎత్తుకుని మాయమవుతాడు. అది లేకుండా మీరు వెనక్కి పోలేరు. ఇక వీపుకి కట్టుకున్న జెట్‌ప్యాక్‌తో గుహలన్నీ గాలించాలి. అంతే. ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పరు.

పోయిన సంక్రాంతికి విజయవాడలో మా అక్కయ్య ఇంట్లో మేనల్లుడికి ఇది చూపించాను. వాడు బీటెక్ చదువుతున్నాడు, ఫోన్లో రోజంతా గేమ్సే. కాసేపు ఆడి, "మావయ్యా, మ్యాప్ లేదు, బాణం గుర్తు లేదు, ఎటు పోవాలో ఎలా తెలుస్తుంది?" అని విసుక్కున్నాడు. ఆడుతూ ఉండరా అన్నాను. ఒక నిలువు గుహలో పైనుంచి ఏదో పురుగు మీదికొస్తుంటే, ఉన్న ఒక్క గ్రెనేడ్ పైకి విసిరాడు. అది పైకి వెళ్ళి, గోడకి తగిలి, నెమ్మదై, తిరిగి వీడి మీదికే రావడం మొదలుపెట్టింది. తప్పించుకోవడానికి జెట్‌ప్యాక్ నొక్కాడు గానీ, కిందికి పడుతున్న వేగం ఒక్కసారిగా ఆగదు కదా, ఇంకా జారుతూనే ఉన్నాడు. పేలింది. ఆ తోపుకి వాడు ఒక మూలకి, పక్కనున్న వస్తువులు తలో మూలకి ఎగిరిపడ్డాయి. తేలికైనవి దూరంగా, బరువైనవి దగ్గర్లోనే.

వాడు కీబోర్డ్ మీంచి చేతులు తీసేసి, "ఇదంతా ముందే రాసి పెట్టారా?" అన్నాడు. లేదు. ఆ సన్నివేశాన్ని ఎవరూ రాయలేదు. బరువు, వేగం, గురుత్వాకర్షణ, పేలుడు తోపు, వీటికి సూత్రాలు మాత్రమే రాశారు. మిగతాది గ్రహమే చేసుకుంటుంది. ఆ తర్వాత రెండు గంటలు వాడు ట్రయాక్స్‌ని పూర్తిగా మర్చిపోయి, ఏ వస్తువు ఎంత బరువో, విసిరితే ఎంత దూరం పోతుందో పరీక్షిస్తూ కూర్చున్నాడు. అక్కయ్య భోజనానికి పిలిచినా లేవలేదు.

ఇదంతా 32 కేబీ మెమరీలో జరిగింది. పొద్దున్నే మన ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చి పడే గుడ్‌మార్నింగ్ బొమ్మ ఒక్కటే దానికంటే పెద్దది. తెర మీద కనపడే బొమ్మకి కూడా ఆ 32 లోంచే చోటివ్వాలి. లెక్కలు చేసే ప్రాసెసర్ చిప్ పేరు 6502. దానికి కూడడం, తీసివేయడం తెలుసుగానీ గుణించే ఆదేశమే లేదు. అంత పెద్ద గ్రహాన్ని అందులో ఎలా దాచారంటే, చాలా భాగం దాచనే లేదు. ఏ చోట రాయి ఉండాలో, ఏ చోట ఖాళీ ఉండాలో ఒక లెక్క ప్రకారం అప్పటికప్పుడు తేలుతుంది. లెక్క మొదలయ్యే అంకె మారదు కాబట్టి ఎన్నిసార్లు వెళ్ళినా అదే గుహ అక్కడే ఉంటుంది. ముఖ్యమైన చోట్లు మాత్రం చేత్తో అమర్చారు.

రాసింది ఇద్దరు, పీటర్ ఇర్విన్, జెరెమీ స్మిత్. స్మిత్ అంతకుముందు 1986లో థ్రస్ట్ అనే గేమ్ రాశాడు. అందులో ఓడకి కడ్డీతో ఒక గుండు తగిలించుకుని ఎగురుతుంటే, ఆ గుండు ఊపుకి ఓడే అటూ ఇటూ తూలిపోతుంది. ఎగ్జైల్‌కి బీజం అందులోనే ఉందని నేను నమ్ముతాను. ఆయన ఆ తర్వాత కొన్నేళ్ళకే ఒక ప్రమాదంలో చనిపోయాడు. బతికుంటే ఇవాళ్టి గేమ్స్ వేరేలా ఉండేవి.

నాకు అసలు బాధ ఇంకొకటుంది. ఈ బీబీసీ మైక్రో మన దేశానికీ వచ్చింది. 1984-85లో ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద మొదట సుమారు 250 స్కూళ్ళకి వీటిని ఇచ్చింది. ఆ తర్వాత మా స్కూల్‌కీ వచ్చాయి. చెప్పులు బయట విప్పి లోపలికెళ్ళేవాళ్ళం. గదికి ఏసీ, మెషీన్ల మీద దుమ్ము పడకుండా కవర్లు. సార్ బోర్డు మీద "కంప్యూటర్ అనగానేమి" రాస్తే మేం నోట్సులో ఎక్కించుకునేవాళ్ళం. పరీక్షలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ బొమ్మ గీస్తే ఐదు మార్కులు. కీబోర్డ్ ముట్టుకునే వంతు ఎప్పుడో వచ్చేది, వచ్చినా పాడవుతుందని గదమాయింపు. సరిగ్గా అదే పెట్టెతో అక్కడ ఇద్దరు మనుషులు ఒక గ్రహాన్ని తయారుచేశారు. మా క్లాసులో లెక్కల్లో చురుకైన పిల్లలు ఉండేవాళ్ళు. వాళ్ళకి ఆ గది తాళంచెవి ఇచ్చి వదిలేసి ఉంటే ఏం చేసేవాళ్ళో అని ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇవాళ కోడింగ్ క్లాసుల పేరుతో వేలకు వేలు గుంజుతున్నవాళ్ళు కూడా పిల్లల చేత బట్టీ పట్టించడమే చూస్తున్నాను.

సరే, ఆడాలనుకుంటే పాత మెషీన్ అక్కర్లేదు. జేఎస్‌బీబ్ అనే ఎమ్యులేటర్, అంటే ఆ పాత మెషీన్‌లా పనిచేసే ప్రోగ్రామ్, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. అమిగా అనే మరో కంప్యూటర్ కోసం 1991లో వచ్చిన వెర్షన్‌లో బొమ్మలు ఇంకా అందంగా ఉంటాయి గానీ, నన్నడిగితే బీబీసీదే ఆడమంటాను. కీలు చాలా ఎక్కువ, ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి. ఇందులో చావు లేదు. ప్రాణం మీదికొస్తే, ముందు మీరు గుర్తుపెట్టించిన చోటికి టెలిపోర్ట్ అయిపోతారు. ఏమీ గుర్తుపెట్టించకపోతే మొదలైన చోటికే పోతారు. కాబట్టి ఏ కొత్త గుహలోకైనా దిగేముందే ఆ పని చెయ్యండి. యూట్యూబ్‌లో గేమ్ ఎలా పూర్తిచేయాలో చూపించే వాక్‌త్రూ వీడియోలు ఉంటాయి, దయచేసి మొదటి వారం వాటి జోలికి పోకండి.