ఇన్సూరెన్స్ కోసం చేసే ఉద్యోగం

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాం, ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది. నా వయసు 38. పదకొండేళ్లుగా ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో వారానికి 40 గంటలు పనిచేస్తున్నాను. రెండేళ్ల క్రితం మా వారు ఉద్యోగం మానేసి, మిత్రుడితో కలిసి సొంత సంస్థ పెట్టారు. ఒక్క ఏడాది చూద్దామన్నారు. మా తొమ్మిదేళ్ల బాబుకు టైప్ 1 డయాబెటిస్. మా ముగ్గురికీ నా ఉద్యోగం మీద వచ్చే హెల్త్ ఇన్సూరెన్సే ఆధారం. పని తగ్గించుకుని బాబును దగ్గరుండి చూసుకోవాలని, మధ్యలో ఆగిన నర్సింగ్ చదువు పూర్తి చేయాలని ఉంది. ఆ మాట ఎత్తితే చాలు, ‘ఇన్సూరెన్స్ పోతుంది కదా’ అని ఆయన అక్కడితో ఆపేస్తారు. నేను అలా అడగడం స్వార్థమా?

జవాబు: స్వార్థం కాదమ్మా. మీ వారి సంస్థలో మీరు రెండేళ్లుగా పెట్టుబడి పెడుతున్నారు. ఆ పెట్టుబడి ఏ లెక్కల పుస్తకంలోనూ నమోదు కాకపోవడం వల్లనే మీరు మౌనంగా భారం మోస్తున్నారు, ఆయనేమో భారమేదీ లేదనుకుంటున్నారు. ఆయన మాటను నేను నిర్లక్ష్యంగా తీసుకోను. బిడ్డకు రోజూ ఇన్సులిన్ కావలసిన ఇంట్లో ఇన్సూరెన్స్ పేరు వినగానే తండ్రికి భయం కలగడం సహజం. కానీ ఆ భయానికి కాపలాగా మిమ్మల్ని ఒక్కరినే నిలబెట్టడం న్యాయం కాదు.

ఈ చిక్కు మీ కాపురంలో పుట్టింది కాదన్న సంగతి ఇద్దరూ గుర్తుంచుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, అక్కడి ప్రభుత్వం జీతాల పెంపుపై పరిమితి విధించినప్పుడు సంస్థలు పనివారిని ఆకర్షించడానికి ఆరోగ్య బీమాను ఎర చూపాయి. 1954 నాటి పన్ను చట్టం యజమాని కట్టే ప్రీమియంకు మినహాయింపును స్థిరపరచడంతో వైద్యానికీ ఉద్యోగానికీ ముడి గట్టిపడిపోయింది. ఇన్సూరెన్స్ కోసం ఉద్యోగానికి అతుక్కుపోవడాన్ని అక్కడ ‘జాబ్ లాక్’ అంటారు. ఆర్థికవేత్త బ్రిజిట్ మాడ్రియన్ 1994లో పెళ్లయిన మగవారి ఉద్యోగ మార్పులను పరిశీలించి, సంస్థ ఇచ్చే ఇన్సూరెన్స్ ఉన్నవారు స్వచ్ఛందంగా ఉద్యోగం వదలడం దీనివల్ల నాలుగో వంతు మేర తగ్గుతోందని అంచనా వేశారు. భార్య తరఫున కవరేజ్ ఉన్న భర్తకు ఆ తాళం ఊడుతుంది. మీ ఇంట్లో జరిగిందీ అదే: ఆయనకు ఊడిన తాళం మీకు పడింది.

ఇక ‘పోతుంది కదా’ అన్న మాట ఎంతవరకు నిజమో చూద్దాం. 40 గంటలు లేకపోతే కవరేజ్ ఉండదన్నది మీ ఇద్దరి నమ్మకం. 50 మంది లేక అంతకు మించి పూర్తికాలం ఉద్యోగులున్న సంస్థల విషయంలో 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం వారానికి సగటున 30 గంటలు చేసేవారిని పూర్తికాలం ఉద్యోగులుగానే లెక్కిస్తుంది; వారికి కవరేజ్ చూపని సంస్థ జరిమానా కట్టవలసి రావచ్చు. కాబట్టి 32 గంటలకు తగ్గినా మీ ప్లాను నిలిచే అవకాశం ఉంది. మీ సంస్థ ప్లానులో ఆ గీత ఎన్ని గంటల దగ్గర ఉందో హెచ్‌ఆర్‌ను లిఖితపూర్వకంగా అడగండి. అలాగే 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం కిందకు మీరు వచ్చేటట్లయితే, బాబు అనారోగ్యం కోసం ఏడాదిలో 12 వారాల జీతం లేని సెలవును కొన్ని గంటల చొప్పున విడదీసి కూడా వాడుకోవచ్చు. ఆ కాలమంతా ఇన్సూరెన్స్ మునుపటి షరతులతోనే కొనసాగుతుంది. పదకొండేళ్లుగా పనిచేస్తున్న మీకు ఈ మాట ఎవరూ చెప్పి ఉండకపోతే నేను ఆశ్చర్యపోను.

ఒకవేళ ఆ గీత దాటి కిందికి దిగవలసి వచ్చినా బాబుకు దారులు మూసుకుపోవు. పాత జబ్బు ఉందన్న కారణంతో కవరేజ్ నిరాకరించడం, ప్రీమియం పెంచడం 2014 నుంచి చెల్లవు. కవరేజ్ పోయిన నాటి నుంచి 60 రోజుల్లో, ఎవరికి వారు బీమా ప్లాను కొనుక్కునే ప్రభుత్వ వేదిక అయిన మార్కెట్‌ప్లేస్‌లో చేరవచ్చు. పని గంటలు తగ్గి కవరేజ్ పోయినవారు సాధారణంగా కోబ్రా అనే చట్టం కింద పాత ప్లానునే 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు, అయితే యజమాని వాటాతో సహా మొత్తం ఖర్చులో 102 శాతం వరకు మీరే కట్టుకోవాలి. అసలు చూడవలసింది వేరే ఉంది: బాబు డయాబెటిస్ చూసే ఎండోక్రినాలజిస్టు కొత్త ప్లాను నెట్‌వర్క్‌లో, అంటే ఆ ప్లానుతో ఒప్పందం ఉన్న డాక్టర్లలో, ఉన్నారా, ఇప్పుడు వాడుతున్న ఇన్సులిన్, పంపు, సెన్సర్లు దాని జాబితాలో ఉన్నాయా అన్నది. ఏడాది మధ్యలో ప్లాను మారితే డిడక్టిబుల్, అంటే బీమా చెల్లించడం మొదలయ్యేలోపు మన జేబులోంచి కట్టవలసిన మొత్తం, మళ్లీ మొదటికి వస్తుంది కనుక మార్పును జనవరికి పెట్టుకోవడం మేలు.

ఇప్పుడు ఆయనతో మాట్లాడే తీరు గురించి. మనసు కష్టం దగ్గర మొదలుపెడితే ఆయన మళ్లీ అదే వాక్యంతో తలుపు వేస్తారు. అంకె దగ్గర మొదలుపెట్టండి. యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్నుల వివరాల పత్రం డబ్ల్యూ-2లో 12వ గడిలో ‘డీడీ’ అన్న అక్షరాల పక్కన ఉండే మొత్తం, మీ కవరేజ్ కోసం మీరూ మీ ఆసుపత్రీ కలిసి ఏడాదికి పెట్టిన ఖర్చు. దాన్ని ఆయన ముందు పెట్టి, ఈ సంస్థ సొంతంగా నిలబడాలంటే ఈ ఖర్చును కూడా మోయగలగాలి కదా, అది ఎప్పటికి సాధ్యం అని అడగండి. జవాబుగా ఒక నెల, ఒక సంవత్సరం రావాలి. ‘చూద్దాం’ అన్నది జవాబు కాదు, ఆ మాటతో ఇప్పటికే రెండేళ్లు గడిచాయి. ఆయన సంస్థ అంత ఆదాయానికి చేరలేదనుకుంటే, ఇన్సూరెన్స్ ఉన్న ఉద్యోగంలో ఆయన చేరి వ్యాపారాన్ని సాయంత్రాలకు పరిమితం చేయడం కూడా చర్చలో ఉండవలసిన అంశమే. అది ఆయన ఓటమి కాదు, మీరు ఇన్నాళ్లూ తీసుకున్న వంతు ఆయన తీసుకోవడం.

మీ చదువును ఈ లెక్కలో చివరి వరుసకు నెట్టకండి. నర్సింగ్ పూర్తయితే మీకు దొరికే ఉద్యోగం కూడా చాలావరకు ఇన్సూరెన్స్‌తోనే వస్తుంది, కనుక అది కుటుంబ భద్రతకు అడ్డు కాదు.

హెచ్‌ఆర్ నుంచి జవాబు కాగితం మీద చేతికి వచ్చేవరకు మాత్రం గంటలు తగ్గించమని అర్జీ పెట్టకండి. ప్లాను ఎంచుకోవడానికి ఏటా ఇచ్చే గడువు, అంటే ఓపెన్ ఎన్రోల్‌మెంట్, మొదలవకముందే ఆ కాగితం, డబ్ల్యూ-2, బాబు మందుల జాబితా తీసుకుని ఇద్దరూ ఒకచోట కూర్చోండి.