అంగారకుడిపై స్థిరపడితే మానవజాతికి భద్రత దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ భూమి నుంచి సరుకు పూర్తిగా ఆగిపోయినా ఆ కాలనీ తనంతట తాను బతకగలిగితేనే. అంతవరకు అది భూమి మీద ఆధారపడిన శిబిరమే. రవాణాకు అనువైన సమయం దాదాపు 26 నెలలకోసారి వస్తుంది. ఈలోగా ఆక్సిజన్ యంత్రంలో సీలు పోతే అక్కడే తయారు చేసుకోవాలి. సీలుకు రబ్బరు, రబ్బరుకు రసాయన పరిశ్రమ, దాన్ని నడపడానికి ఎలక్ట్రానిక్ చిప్పులు... అసలు చిక్కు ఈ గొలుసే. రేడియేషన్, మట్టిలోని పెర్క్లోరేట్ విషం దాని తర్వాతే.

6.6 కోట్ల ఏళ్ల క్రితం డైనోసార్లను తుడిచిపెట్టిన గ్రహశకలం పడ్డాక కూడా భూమి నేటి అంగారకుడి కంటే నివాసయోగ్యంగానే ఉంది: గాలి, సముద్రాలు, అయస్కాంత క్షేత్రం మిగిలాయి. కాబట్టి ముందు ఖర్చు పెట్టాల్సింది గ్రహశకలాలను కనిపెట్టి దారి మళ్లించడం మీదే. అది సాధ్యమేనని 2022లో తేలింది: నాసా డార్ట్ నౌక ఢీకొట్టి డైమోర్ఫస్ అనే చిన్న గ్రహశకలం మరో పెద్ద గ్రహశకలం చుట్టూ తిరిగే కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది.