సాలిడ్ స్టేట్ కోసం ఆగవద్దు, ముందు వోల్టేజి చూడండి

సోదరా, రాజోలు దగ్గర మీ ఇంట్లో స్కూటరు ఛార్జింగే రాత్రిపూట మధ్యలో ఆగిపోతోందని, ఎలక్ట్రిక్ కారు ఇప్పుడు కొనాలా, సాలిడ్ స్టేట్ బ్యాటరీలు (లోపల ద్రవానికి బదులు ఘన పదార్థం ఉండేవి) వచ్చేదాకా ఆగాలా అని అడిగారు.

ఆగవద్దు. టయోటా వాటిని 2027-28లో తెస్తామంటోంది. వచ్చినా ముందు ఖరీదైన కార్లలోకే. మన గోదావరి దాటేసరికి మీ అబ్బాయి పెళ్లీడుకొస్తాడు! ఇప్పుడు దొరికే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ కాస్త బరువైనా వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది.

అసలు చిక్కు కరెంటుది. చుట్టూ రొయ్యల చెరువులున్నాయన్నారు కదా. చెరువు నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఎక్కువగా తిరిగేది రాత్రే. మీ ట్రాన్స్‌ఫార్మరు మీదే అవీ ఉంటే వోల్టేజి పడిపోయి ఛార్జరు తనను తాను ఆపుకుంటుంది. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి మల్టీమీటరుతో కొలిపించండి. 230 ఉండాల్సింది 180కి దిగుతుంటే తప్పు స్కూటరుది కాదు. అప్పటిదాకా పగలు పెట్టుకోండి.

కారుకు మీటరు నుంచి విడిగా మందపాటి వైరు, 15 ఆంపియర్ల సాకెట్, మంచి ఎర్తింగ్ వేయించండి. 30 యూనిట్ల బ్యాటరీ 3.3 కిలోవాట్ల మీద నిండడానికి దాదాపు పది గంటలు. అయినా రోజూ అమలాపురం వెళ్లి వచ్చేవారికి అంత అవసరం పడదు.

సాకెట్‌ను మాత్రం 1986 వరద మీ గోడ మీద ఎంతవరకు వచ్చిందో పెద్దవాళ్లనడిగి, దానికి పైన బిగించండి. కొలతలు వచ్చాక ఇక్కడే రాయండి, చూద్దాం.