ముందు గ్రూప్ చూడండి, బ్యారెల్ సంగతి తర్వాత

ప్రశ్న: సార్, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నుంచి 50 మీటర్ల ప్రోన్‌కి (బోర్లా పడుకుని కాల్చేది) మారాను. పొద్దున పూట 60 షాట్లకి స్కోర్ 615 దాటుతుంది, అదే రైఫిల్, అవే బుల్లెట్లు, మధ్యాహ్నం మాత్రం 603 దగ్గర ఆగిపోతోంది. అప్పుడు కొన్ని షాట్లు ఎడమ పక్క కాస్త పైకి, కొన్ని కుడి పక్క కాస్త కిందికి పోతున్నాయి. బ్యారెల్ అరిగిపోయింది మార్చెయ్ అంటున్నారు రేంజ్‌లో. అంత డబ్బు పెట్టమంటారా?
- ఒక రీడర్, హైదరాబాద్

జవాబు: వద్దు, ఇప్పుడే పెట్టకండి. అరిగిన బ్యారెల్ పొద్దున బాగుండి మధ్యాహ్నం పాడవదు కదండీ. మీ గ్రూప్, అంటే టార్గెట్ మీద షాట్లు పడ్డ గుంపు, ఏటవాలుగా, గడియారంలో 10 నుంచి 4 వైపు సాగుతోందని మీరే రాశారు, అది గాలి పనే. చాలా టార్గెట్ రైఫిళ్లలో రైఫ్లింగ్ (బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు) బుల్లెట్‌ని కుడివైపుకి తిప్పుతుంది, అందుకని కుడి నుంచి గాలి వస్తే షాట్ ఎడమకీ కొంచెం పైకీ, ఎడమ నుంచి వస్తే కుడికీ కొంచెం కిందికీ పడుతుంది. మీరు వాడే పాయింట్ ట్వంటీటూ బుల్లెట్‌కి అడ్డంగా సెకనుకి 1 మీటర్ గాలి తగిలినా 50 మీటర్ల దగ్గర సుమారు 6, 7 మిల్లీమీటర్లు జరుగుతుంది, రింగుకీ రింగుకీ మధ్య ఉన్నదే 8 మిల్లీమీటర్లు! ఎయిర్ రైఫిల్ హాల్లో మీకీ బాధ లేదు, అందుకే గాలిని చూపే జెండాలు చూసే అలవాటు ఇంకా పడి ఉండదు.

10 మీటర్ల దగ్గర ఒక జెండా, 30 మీటర్ల దగ్గర ఒకటి ఉంటాయి చూడండి, ముందు దగ్గరిది చూడాలి, ఎందుకంటే మొదట్లోనే పక్కకి తిరిగిన బుల్లెట్ మిగతా దూరమంతా అలాగే పోతుంది. సైటర్ల (లెక్కలోకి రాని ట్రయల్ షాట్ల) టైమ్‌లో ఏ గాలి ఎక్కువసేపు నిలుస్తోందో గమనించి, దానికే సైట్ (గురి చూసే భాగం) సెట్ చేసుకుని, మ్యాచ్‌లో జెండా ఆ తీరుకి వచ్చినప్పుడే కాల్చండి, మారిందా, రైఫిల్ దించి ఆగండి. 60 షాట్లకి 50 నిమిషాలు ఇస్తారు, ఆగడానికి టైమ్ ఉంటుంది. ఒక షాట్ 9 పడిందని వెంటనే సైట్ మర తిప్పి క్లిక్కులు మార్చడం మాత్రం మానెయ్యండి, నా లెక్కలో కొత్తవాళ్ల పాయింట్లు గాలికన్నా దీనివల్లే ఎక్కువ పోతాయి.

ఇంకోటి, రీలోడ్ చేసిన ప్రతిసారీ కళ్లు మూసుకుని ఒక ఊపిరి వదిలి తెరవండి, సైట్ టార్గెట్ మీదే ఉందా లేదా? పక్కకి పోయుంటే చేత్తో లాగొద్దు, ఎడమ మోచెయ్యి కదపకుండా నడుము జరపండి. చేత్తో లాగి కాలిస్తే ట్రిగ్గర్ పడేసరికి కండరం వదిలేస్తుంది, షాట్ మళ్లీ పాత చోటికే పోతుంది. కాల్చాక కూడా ఒకటి రెండు సెకన్లు సైట్‌లోంచి చూస్తూనే ఉండండి. ఇదంతా ఇంట్లో గోడకి చిన్న నల్ల చుక్క అంటించి, ఖాళీ రైఫిల్‌తో, ఛాంబర్ రెండుసార్లు చెక్ చేసుకుని డ్రై ఫైర్‌లో రోజూ చెయ్యొచ్చు.

గాలి లేనప్పుడు కూడా గ్రూప్ పైకీ కిందికీ సాగితే బుల్లెట్లని అనుమానించండి. స్పీడ్‌లో సెకనుకి 10 మీటర్ల తేడా వచ్చినా షాట్ దాదాపు 7 మిల్లీమీటర్లు ఎత్తు మారుతుంది. అందుకే పెట్టె మీద లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైన బుల్లెట్ల నంబర్) చూసి, రైఫిల్‌ని కదలకుండా క్లాంప్‌లో బిగించి మూడు నాలుగు లాట్లు కాల్చి, మీ బ్యారెల్‌కి పడ్డ లాట్ ఒకేసారి ఎక్కువ కొని పెట్టుకోండి. ఏ లాట్ పెట్టినా క్లాంప్‌లో గ్రూప్ విచ్చుకుపోతుంటే, అప్పుడు ఆ టార్గెట్ల ఫొటోలు పంపండి, బ్యారెల్ గురించి మాట్లాడదాం.