ఫ్యాను మోత, బ్రాంచి బెంగ

ప్రశ్న: మాది గాజువాక. నేను స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు విభాగంలో పనిచేస్తాను. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. చదవమంటే కంప్యూటర్ విప్పుకొని కూర్చుంటాడు. 65 వాట్ల ప్రాసెసర్‌కు ఫ్యాను మోత ఎక్కువైందట, దాని మీద బిగించే పెద్ద ఎయిర్ కూలర్ కావాలట. షాపులో నీళ్లు తిప్పి చల్లబరిచే లిక్విడ్ కూలర్ తీసుకోమంటే వద్దన్నాడు. కంప్యూటర్ కేబినెట్‌లో కూలర్ ఎత్తు 160 మిల్లీమీటర్లు దాటితే మూత పడదని స్కేలు పట్టుకు తిరుగుతున్నాడు. పైగా మెకానికల్ చదువుతాడట! మేము సీఎస్‌ఈలో ఏఐ అనుకున్నాం. ఏది మేలు?

జవాబు: కూలర్ విషయంలో మీ అబ్బాయిదే సరైన మాట. 65 వాట్లకు నీళ్లు తిప్పాల్సిన పని లేదు. లిక్విడ్ కూలర్‌కు ఫ్యాన్లతో పాటు పంపు రొద కూడా ఉంటుంది, ఆ పంపు ఆగితే మొత్తం మార్చాల్సిందే. ఎయిర్ కూలర్‌లో సాధారణంగా పాడయ్యేది ఫ్యాను ఒక్కటే. ఫ్యాను పెద్దదైతే నెమ్మదిగా తిరిగినా సరిపడా గాలి వస్తుంది. వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది, మోత మాత్రం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అయితే నోక్టువా ఎన్‌హెచ్-డి15 లాంటి భారీ కూలర్ ఎత్తు 165 మిల్లీమీటర్లు, మీ పెట్టెలో పట్టదు. గాలిదైనా నీళ్లదైనా ఇలాంటి కూలర్ ప్రాసెసర్‌ను గది కన్నా చల్లగా ఉంచలేదు కాబట్టి విశాఖ ఉక్కపోతలో అద్భుతాలు ఆశించకండి. ముందు పాతదాని దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు మార్చి, కంప్యూటర్ సెట్టింగులుండే బయాస్‌లో ఫ్యాను వేగం తగ్గించి చూడమనండి. మోత తగ్గితే డబ్బు మిగిలినట్టే.

ఇక మీ సంగతి. కొనకముందే కొలిచే పిల్లవాడిని విసుక్కుంటారా? ఫర్నేసు గోడలను నీటితో చల్లబరచకపోతే ఏమవుతుందో తెలిసిన మనిషి మీరు! ఆ కూలర్ రాగి గొట్టాల్లో కాస్తంత ద్రవం ఆవిరై, చల్లబడి, మళ్లీ వెనక్కి చేరుతుంది. మెకానికల్ వాళ్లు హీట్ ట్రాన్స్‌ఫర్ పేరుతో చదివేది ఇలాంటివే.

ఏఐ బ్రాంచి మీద నాకు అనుమానాలున్నాయి. చాలా కాలేజీల్లో మొదటి రెండేళ్లు దాదాపు సీఎస్‌ఈ పాఠాలే, పైన బోర్డు కొత్తది. చెప్పేవాళ్లెవరో కనుక్కోకుండా, పక్కింటివాళ్లు చేరారని చేర్చే తల్లిదండ్రులను వారానికి నలుగురినైనా చూస్తాను. లెక్కలు, ప్రోగ్రామింగ్ ఇష్టపడేవాళ్లకు అది మంచిదే, కానీ మీ వాడు వాటి గురించి అడిగినట్టు మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. 2025 అక్టోబరులో గూగుల్ అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో విశాఖలో ఏఐ డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది కదా, అలాంటి చోట వేడిని బయటికి పంపడమే పెద్ద పని. (అక్కడ మాత్రం నీళ్లు కావాల్సిందే, షాపు అతను సంతోషిస్తాడు.) అందులో ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. మెకానికల్‌లో తొలి జీతం తక్కువగా ఉండొచ్చు, క్యాంపస్‌కు వచ్చే కంపెనీలూ తక్కువే.

మీ భయం బ్రాంచి గురించి కాదు, వాడు వెనకబడిపోతాడేమోనని. తనంతట తాను కొలిచి, వద్దనడానికి కారణం చెప్పగలిగేవాడు ఏ బ్రాంచిలోనైనా నిలదొక్కుకుంటాడు. కోడింగ్ కూడా నేర్చుకోమనండి, మెకానికల్ వాళ్లకూ అది అక్కరకొస్తుంది.

ఈ ఆదివారం పేస్టు మార్చేటప్పుడు పక్కన టార్చి పట్టుకోండి. ఆ స్క్రూలు చీకట్లో కనపడవు.