కొలాగ్రాఫ్‌కి కిట్ కొనాలా? ఒంగోలు వర్క్‌షాప్‌లో చూసింది చెప్తున్నా

కొలాగ్రాఫ్ (అట్ట మీద రకరకాలవి అంటించి ప్లేటు చేసి, దానికి ఇంకు పూసి పేపర్ మీద అచ్చేసే పద్ధతి) మొదలుపెట్టాలంటే ఆన్‌లైన్‌లో అమ్మే కిట్ కొనాల్సిందేనా అని అడిగారు. అస్సలు అక్కర్లేదండీ. ఆ డబ్బులు పెట్టి మంచి కాటన్ పేపర్ కొనుక్కోండి, 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) ఉండేది. మిగతావన్నీ మన దగ్గరే దొరుకుతయ్.

ఇంకు పట్టడానికి ప్లేటుకి అంటించే గరుకు పొడి కార్బొరండమ్, అంటే సిలికాన్ కార్బైడ్, ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకునేవాళ్లని చూస్తే బాధేస్తది. కార్లకి రంగేసేవాళ్లు వాడే నల్ల వాటర్ పేపర్ (గరుకు కాగితం) మీదుండేది ఆ సిలికాన్ కార్బైడే, చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ పట్టే రాళ్లలో ఉండేదీ అదే. ముక్క కత్తిరించి అట్టకి అంటించేయండి. వాటర్ పేపర్ నంబర్ చిన్నదైతే గరుకెక్కువ, ఇంకు బాగా పట్టి నలుపు చిక్కగా వచ్చిద్ది.

ఒంగోల్లో మేం కొంతమందిమి కలిసి పెట్టుకున్న వర్క్‌షాప్‌కి టంగుటూరు వైపు నుంచి ఒకక్క వచ్చింది, వాళ్లది పొగాకు సేద్యం. బ్యారన్‌లో (పొగాకుని వేడికి ఆరబెట్టే కొట్టంలో) కాల్చిన ఆకు తెచ్చింది. ముట్టుకుంటే పొడైపోయిద్ది, వద్దక్కా అన్నారందరూ. "పదునుకొస్తే ఎందుకిరుగుద్దయ్యా" అని తడి గోతంలో చుట్టి పక్కన పెట్టింది. కాసేపయ్యాక తీస్తే ఆకు తోలు మాదిరి వంగుతా ఉంది. ఈనెలు పైకుండేట్టు ఫెవికాల్‌తో అట్టకి అంటించి, బరువు పెట్టి, బాగా ఆరినాక లక్క పాలిష్ కొట్టింది, అంచులకీ వెనకవైపుక్కూడా. అసలు పనంతా ఇక్కడే ఉంది, పాలిష్ సరిగ్గా పట్టకపోతే అచ్చేయడానికి తడిపిన పేపర్‌కి జిగురు మెత్తబడి ప్లేటూ పేపరూ అతుక్కుపోతయ్. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో సందుసందుకీ ఇంకు ఎక్కించి, గంజి పెట్టిన పల్చటి గుడ్డతో తుడిచి ప్రెస్‌లో తిప్పింది. పేపర్ లేపితే ఈనెలు తెల్లగా, ఒక్కో ఈనెకి అటూఇటూ సన్నటి నల్ల గీత! పురుగు తిన్న చిల్లు చుట్టూ కూడా నల్లటి అంచు. "ఇది కనపడితే వేలంలో రేటు తగ్గిస్తారు" అనింది అక్క దాని మీద వేలు పెట్టి. ఆ ప్రింట్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ చిల్లే.

ఇంకో బాధ కూడా చెప్పాలి. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు పారిస్‌లో అటెలియర్ 17 అనే ప్రింట్ స్టూడియోలో పనిచేస్తా, ఒకే ప్లేటు మీద రంగులన్నీ ఒకేసారి అచ్చేసే విస్కాసిటీ పద్ధతిని తెచ్చినవాళ్లలో ముఖ్యులు. మన పిల్లల డ్రాయింగ్ క్లాసుల్లో ఆయన పేరెత్తేవాళ్లే లేరు, క్యాలెండర్ బొమ్మ చూసి గీయించడమే చదువైపోయింది.

ప్రెస్ లేదంటారా, ప్లేటు పైభాగానికి రోలర్‌తో ఇంకు పూసి, పల్చటి పేపరేసి ఉదయగిరి చెక్క గరిటె వెనక్కి తిప్పి రుద్దండి, బ్రహ్మాండంగా వచ్చిద్ది. సందుల్లో ఎక్కించిన ఇంకు మాత్రం ప్రెస్ ఉంటేనే లేస్తది. దగ్గర్లో ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఉంటే అడగండి. అంటించినవన్నీ కలిపి ప్లేటు మందం 3 మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోండి, దాటితే పేపర్ చిరగడమే కాదు, ప్రెస్‌లో పేపర్ మీద వేసే వాళ్ల ఫెల్ట్ (మందపాటి ఉన్ని గుడ్డ) కూడా పాడైపోయి మళ్లీ రానివ్వరు.